బరువు లేని పెట్టె

కోటేశుకి కోపం వచ్చింది. మనిషి మీద కాదు, రెండక్షరాల మీద.

ఎల్ ఎస్.

నల్ల తెర మీద ఆ రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే, మనం ఏ ఫోల్డర్‌లో ఉన్నామో అందులోని ఫైళ్ల పేర్లు వరసగా కనపడతాయి. అంతకన్నా ఏమీ జరగదు. కొత్త మందులకు పనికొచ్చే అణువుల్ని కంప్యూటర్లో వెతికే మా ల్యాబులో చేరినప్పటినుంచి వాడు రోజూ పొద్దున్నే చేస్తున్న పని అదే. చేయిస్తున్నది మస్తాన్ వలీ సార్.

చేరిన రోజునే సార్ వాడి కంప్యూటర్ మౌస్ పీకి సొరుగులో పడేశారు. "ఎక్కడున్నావో అడుగు. అక్కడేమున్నాయో చూడు. పక్క ఫోల్డర్‌లోకి పో. అక్కడేమున్నాయో చూడు. వెనక్కి రా," అని చెప్పి టీ తాగడానికి వెళ్లిపోయారు. మర్నాడూ అదే. ఆ తర్వాతా అదే.

ఎం.ఫార్మసీలో కాలేజీ మొత్తానికి ఫస్టు వచ్చిన కుర్రాడు. ఏ మందు పేరు చెప్పినా దాని నిర్మాణం తడుముకోకుండా గీసేస్తాడు. అలాంటివాణ్ణి కూర్చోబెట్టి ఫైళ్ల పేర్లు చదివిస్తే ఒళ్లు మండదా? మండింది. ఒకరోజు కుర్చీ వెనక్కి నెట్టి సార్ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"సార్, నేను మందు కనిపెడదామని వచ్చాను. ఫైళ్ల పేర్లు చదవడానికి రాలేదు."

సార్ చదువుతున్న కాగితం మీంచి తల ఎత్తలేదు. "ఇవాళ ఏమున్నాయి ఫోల్డర్‌లో?"

"నిన్నున్నవే."

"చూశావా?"

"నిన్న చూశాగా సార్. మళ్లీ ఎందుకు?"

"చూడు."

కోటేశు విసురుగా వెళ్లి, కీబోర్డు విరిగేలా ఎల్ ఎస్ కొట్టాడు. నిన్న లేని ఫైలు ఒకటి ఉంది. పొద్దున్నే సార్ వచ్చి పెట్టినట్టున్నారు. వాడికి ఇంకా కోపం వచ్చింది. ఈయన నాతో దాగుడుమూతలు ఆడుతున్నాడేంటి అని పక్కవాళ్లందరికీ వినపడేలా గొణిగాడు. సార్‌కీ వినపడే ఉంటుంది. కాగితం తిప్పారు, అంతే.

ఇక్కడ నాకూ ఒక కోపం ఉంది, చెప్పేస్తాను. ఎక్కడపడితే అక్కడ వర్క్‌షాపులు పెడుతున్నారు. ఒక్క క్లిక్కుతో మందు కనుక్కోండి అని ఫ్లెక్సీలు కడుతున్నారు. ఒక పూట భోజనం, ఒక సర్టిఫికెట్, గుంపుగా ఒక ఫొటో. ఆ పిల్లలు మా దగ్గరికొచ్చి నల్ల తెర చూడగానే పామును చూసినట్టు వెనక్కి జరుగుతారు. తప్పు వాళ్లది కాదు. బొత్తాం ఎక్కడుందో చూపించి, నొక్కితే లోపల ఏం జరుగుతుందో చెప్పకుండా పంపించినవాళ్లది. వాళ్లు ఎదురుపడితే నేను నమస్కారం కూడా పెట్టను.

కోటేశు తొందరకి మాత్రం వేరే కారణం ఉంది. అది మాకు నెమ్మదిగా తెలిసింది.

వాడిది వినుకొండ. వాడి అక్క శివపార్వతి అక్కడే అంగన్‌వాడీ టీచరు. కొన్నేళ్ల కిందట ఆమెకి టీబీ వచ్చింది, మామూలు మందులకి లొంగని రకం. నెలల తరబడి రోజూ ఇంజెక్షన్లు. ఆ రోజుల్లో ఉన్నది ఆ మందే. మధ్యలో ఆమెకి చెవుల్లో గంటలు మోగుతున్నట్టు అనిపించడం మొదలైంది. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ ఆ మాట చెప్పింది. వాళ్లు తల కూడా ఎత్తకుండా, "మామూలేలేమ్మా, అందరికీ ఉండేదే," అన్నారు. ఇంటికొచ్చి చెబితే ఇంట్లోవాళ్లూ అదే అన్నారు. జబ్బు తగ్గింది. గంటలు మోగడం కూడా ఆగిపోయింది. ఆగిపోయాక ఇంకేమీ వినపడలేదు.

ఇప్పుడు పిల్లలు ఆమెని పిలవాలంటే చీర కుచ్చిళ్లు పట్టుకుని లాగుతారు.

"చెప్పింది సార్," అన్నాడు కోటేశు, ఈ సంగతి చెప్పిన రోజున. "వెళ్లిన ప్రతిసారీ చెప్పింది. మామూలేలే అన్నవాళ్లని ఇప్పటికీ నేను..." ఆగిపోయాడు. ఆ మిగిలిన మాట సార్ ముందు అనడానికి నోరు రాలేదు.

సార్ చేతిలో కాగితం పక్కన పెట్టారు. తర్వాత అడిగారు. "కొత్త మందు వస్తే మీ అక్క చెవులు తిరిగి రావని తెలుసుగా?"

"తెలుసు. ఇంకొకళ్లవి పోకూడదు."

అప్పుడు సార్ సొరుగు లాగి మౌస్ తీసి వాడి చేతిలో పెడతారేమో అనుకున్నాం. పెట్టలేదు. కానీ ఆ వారంలోనే డాకింగ్ చెయ్యమని వాడికి ఒప్పజెప్పారు.

డాకింగ్ అంటే పెద్ద మాయేమీ కాదు. రోగక్రిమి బతకడానికి కొన్ని ప్రోటీన్లు కావాలి. అలాంటి ఒక ప్రోటీన్‌లో గుంటలాంటి చోటు ఉంటుంది. ఆ గుంటలో గట్టిగా ఇరుక్కుని కూర్చునే అణువు దొరికితే ప్రోటీన్ పని ఆగిపోతుంది, క్రిమి చస్తుంది. ఏ అణువు ఎంత గట్టిగా కూర్చోగలదో కంప్యూటర్‌లో లెక్కకట్టడమే డాకింగ్. ఒక్కో అణువుకీ ఒక స్కోరు వస్తుంది. మంచి స్కోరు వచ్చినదాన్ని తీసుకెళ్లి నిజమైన ప్రోటీన్ మీద పరీక్షించాలి.

అణువులకి కొదవ లేదు. మా కెమిస్ట్రీ విభాగంలో ఏళ్ల తరబడి పిల్లలు పరిశోధనల కోసం తయారుచేసినవి అలమరాల్లో సీసాలు సీసాలుగా ఉన్నాయి. కొదవ ప్రోటీన్‌కే.

ఆ ప్రోటీన్ చేసింది బయాలజీ బిల్డింగులో ఉండే రెబెకా మేడమ్. టీబీ క్రిమి ప్రోటీన్‌ని హాని లేని వేరే సూక్ష్మజీవి చేత చేయించి, దాన్ని పెంచి, వడగట్టి, శుభ్రం చేసి తియ్యాలి. ఒకసారి కరెంటు పోయి, జనరేటర్ అందుకోక, పెంచినదంతా కుళ్లిపోయింది. ఇంకోసారి చివరి మెట్టులో ప్రోటీన్ గడ్డకట్టి తెల్లటి పిండిలా అడుగున చేరింది. అన్ని అవస్థలు పడ్డాక ఇప్పుడు ఆవిడ ఫ్రీజర్‌లో మిగిలింది ఒక్క గొట్టం. చిటికెనవేలు మొదటి కణుపంత ఉంటుంది. ఒకసారి కరిగించామా, ఆ రోజే వాడెయ్యాలి. మళ్లీ దాచుకోవడానికి వీల్లేదు. పాడైతే మళ్లీ ఏడాది.

కోటేశుకి ఇవన్నీ తెలుసు. అందుకే కసిగా కూర్చున్నాడు.

సీసాల్లోని అణువులన్నిటినీ ముందు డాకింగ్‌కి పనికొచ్చే ఫైళ్లుగా మార్చుకోవాలి. తర్వాత ఒక్కో ఫైలునీ తీసి ప్రోటీన్ గుంటలో కూర్చోబెట్టి స్కోరు రాయాలి. అన్ని వేల ఫైళ్లని చేత్తో చెయ్యలేరు గనక నల్ల తెరలో నాలుగు లైన్ల ఆదేశం రాసి వదిలితే అదే ఒకదాని తర్వాత ఒకటి చేసుకుపోతుంది. ఆ నాలుగు లైన్లూ కోటేశు ఇంటర్నెట్‌లో ఎక్కడినుంచో ఎత్తుకొచ్చాడు. అందులో తప్పులేదు, అందరం అదే చేస్తాం.

నడుస్తున్నకొద్దీ తెర మీద ఎర్రర్లు పడటం మొదలైంది. హెచ్చరిక, హెచ్చరిక, ఇది సరిగ్గా లేదు, అది దొరకలేదు, హెచ్చరిక. మొదట్లో రెండు మూడు చదివాడు. ఈ పరమాణువు రకం పోల్చుకోలేకపోయాను, దగ్గరగా ఉన్నదాన్ని వాడుకుంటున్నాను అని ఉంది. పనికి అడ్డంకి ఏమీ లేదు. తర్వాత ఇంకా వందల లైన్లు అలాంటివే. వాడికి చిరాకెత్తింది. అసలు కనపడవలసిన స్కోర్లు ఈ గోలలో కనపడటం లేదు.

ఆదేశం చివర ఒక చిన్న తోక తగిలిస్తే ఆ గోల ఆగిపోతుంది. ఎర్రర్లన్నీ తెర మీదికి రాకుండా ఒక శూన్యంలోకి పోతాయి. అందులో పడింది ఎవరికీ కనపడదు, తిరిగి రాదు. ఆ తోక ఎలా తగిలించాలో కూడా ఇంటర్నెట్‌లోనే దొరికింది. కోటేశు తగిలించాడు. మార్చే ఆదేశానికీ తగిలించాడు, డాకింగ్ ఆదేశానికీ తగిలించాడు.

తెర ప్రశాంతంగా అయిపోయింది. స్కోర్లు ఒకదాని కింద ఒకటి చక్కగా దిగుతున్నాయి. వాడు కుర్చీలో వెనక్కి వాలి, చేరినప్పటినుంచి మొదటిసారి, ఈల వేశాడు.

ఫలితం వచ్చిన రోజు వాడి మొహం చూడాలి! మంచి స్కోరు నుంచి చెడ్డ స్కోరుకి వరసగా పేర్చితే, అన్నిటికన్నా పైన ఒక కుటుంబం కుటుంబమంతా ఉంది. ఒకే పాత విద్యార్థి ఒకే పద్ధతిలో చేసిన అణువులు, అన్నదమ్ముల్లాంటివి. ఒక్కటి కాదు, అన్నిటికీ అదిరిపోయే స్కోరు. వాటితోపాటు వేరే రకం అణువు ఒకటి అంతే స్కోరుతో ఉందిగానీ, దాన్ని వాడు పట్టించుకోలేదు. కుటుంబమంతా పలుకుతుంటే ఒంటరిదాన్ని ఎవరు చూస్తారు?

అప్పటికప్పుడు ఫోన్ తీసి అక్కకి మెసేజ్ పెట్టాడు. "అక్కా, దొరికింది."

ఆమె అంగన్‌వాడీ పిల్లలందరినీ వరసగా నిలబెట్టి చప్పట్లు కొట్టించి వీడియో పంపింది. ఆ చప్పట్లు ఆమెకి వినపడవు. పిల్లల చేతులు కదలడం చూసి నవ్వుతూ ఉంది.

కోటేశు ఆ ఫోన్ జేబులో పెట్టుకుని, ఫలితాలు తీసుకుని సార్ దగ్గరికి వెళ్లాడు.

సార్ పైనుంచి కిందికి చూశారు. వేలితో ఒకచోట ఆగారు. "వీటన్నిటికీ ఒకటే స్కోరా?"

"ఒకే కుటుంబం కదా సార్."

"ఒక తల్లి పిల్లలకి ఒకటే బరువుంటుందిరా?"

"దగ్గరదగ్గరగా ఉంటుంది సార్."

"దగ్గరదగ్గరగా," అన్నారు సార్. "ఫైళ్లు చూశావా?" అని అడిగారు.

మళ్లీ అదేనా అని కోటేశుకి నషాళానికి అంటింది. "చూశాను సార్. ఎల్ ఎస్ కొట్టాను. అన్నీ ఉన్నాయి, ఒక్క పేరు కూడా తప్పిపోలేదు. రెబెకా మేడమ్‌కి ఇద్దాం సార్. ఇంకా ఎన్నాళ్లు పేర్లు చదువుతూ కూర్చుంటాం? అక్కడ జనం చెవులు పోగొట్టుకుంటుంటే మనం ఇక్కడ ఎల్ ఎస్ కొట్టుకుంటున్నాం!"

వలీ సార్‌తో అలా మాట్లాడినవాళ్లు మాకెవరికీ తెలియదు.

మా సార్‌కి కోపం వస్తే గొంతు పెరగదు, మాటలు తగ్గుతాయి. "సరే," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం కోటేశు బల్ల మీద ఒక థర్మకోల్ పెట్టె ఉంది. చుట్టూ గోధుమరంగు టేపు గట్టిగా వేసి ఉంది. మూత మీద మార్కర్‌తో వాడి మొదటి అణువు నంబరు రాసి ఉంది. సార్ పక్కనే నిలబడ్డారు.

"ఇది నీ నంబర్ వన్. రెబెకా మేడమ్‌కి ఇచ్చి రా. నేను ఫోన్ చేసి చెప్పాను, ఇవాళే పరీక్ష చేస్తానంది. ఎండలో నిలబడకు."

కోటేశు పెట్టె అందుకున్నాడు. బయాలజీ బిల్డింగు గ్రౌండుకి అవతల. నెత్తి మాడిపోయే ఎండ. మామూలుగా ఇలాంటి పెట్టెలో ఐసు కూరి పంపిస్తాం, రెండు చేతులా పట్టుకుని పొట్టకి ఆనించుకుని మోసుకెళ్లాలి. కోటేశు టేపు కిందనుంచి రెండు వేళ్లు దూర్చి, టిఫిన్ క్యారియర్ ఊపుకుంటూ పోయినట్టు పోయాడు. తేలిగ్గా ఉందేంటి అని ఒక్కసారి అనిపించింది. సార్ ఇచ్చారుగా అనుకున్నాడు. మొదటి అణువు తనది. మనసు అప్పటికే గ్రౌండు దాటి పోయింది.

రెబెకా మేడమ్ గ్లౌజులు వేసుకుని సిద్ధంగా ఉంది. బల్లంతా తుడిచి, చుక్కలు కొలిచే పిపెట్లు వరసగా పెట్టుకుంది. ప్రోటీన్ గొట్టం మాత్రం ఇంకా బయటికి తియ్యలేదు.

"తియ్యండి మేడమ్, కరగడానికి టైం పడుతుందిగా," అన్నాడు కోటేశు.

"ముందు నీది చూడనీ."

ఆవిడ బ్లేడుతో టేపు కోసి మూత తీసింది. లోపలికి చూసింది. పెట్టెని బోర్లా తిప్పి దులిపింది. థర్మకోల్ పూస ఒకటి రాలి బల్ల మీద పడింది. అంతే. ఐసు లేదు, సీసా లేదు, సీసా పెట్టడానికి చిన్న సంచైనా లేదు.

"ఏందయ్యా ఇది?"

కోటేశు పెట్టెలోకి వంగి చూశాడు.

"ఏందని అడుగుతున్నా. ఎకసెక్కాలా నాతో? పొద్దుటినుంచి మిషన్ వేడి చేసుకుని, తిండి కూడా తినకుండా కూర్చున్నా నేను. ఆ గొట్టం బయటికి తీసి కరిగించి ఉంటే ఏం చేసేవాడివి? దాన్ని చెయ్యడానికి నేను పడ్డ చావు నీకు తెలుసా? కరెంటు పోయి ఫ్లాస్కులన్నీ కుళ్లిన రోజు ఈ గదిలో కూర్చుని ఏడిచాను. మీ కంప్యూటర్లోళ్లకేం, ఎంటర్ నొక్కితే అయిపోద్ది. తప్పు వస్తే ఇంకోసారి నొక్కుతారు. నాకు ఇంకోసారి లేదు!"

"సార్ ఇచ్చారు మేడమ్, నేను తెరవలేదు..."

"తెరవకపోతే పోయావు. మోసుకొచ్చావుగా? చేతికి తెలియలేదూ? ఐసున్న పెట్టెకీ లేని పెట్టెకీ తేడా చంటిపిల్లకి కూడా తెలుస్తది."

"తేలిగ్గానే ఉంది..." అన్నాడు కోటేశు. చెప్పాక ఆ మాట ఎంత అధ్వాన్నంగా ఉందో వాడికే వినపడింది.

"తేలిగ్గా ఉందంట!" మేడమ్ పెట్టెని వాడి ఎదమీదికి తోసింది. "పో. వలీ గారికి నా మాటగా చెప్పు. ఇంకోసారి ఇట్లాంటివి పంపిస్తే నా గుమ్మం తొక్కనివ్వనని చెప్పు."

కోటేశు ఖాళీ పెట్టె పట్టుకుని ఆ గ్రౌండు మళ్లీ దాటాడు. ఈసారి పెట్టెని ఊపలేదు. నలుగురిలో పరువు తీశాడు ముసలాయన. ఎదురు మాట్లాడానని కక్ష పెట్టుకుని, పనిగట్టుకుని తిట్టించాడు. వాడి మనసులో ఇంకా చాలా మాటలు తిరిగాయి, అవి రాయడం బాగుండదు.

ల్యాబులోకి వచ్చి పెట్టెని సార్ కాళ్ల దగ్గర విసిరికొట్టాడు. ఒక మూల విరిగి తెల్లటి పూసలు నేలంతా దొర్లాయి.

"ఎందుకు సార్ ఇలా చేశారు? నా మీద కోపం ఉంటే నన్ను తిట్టండి. కొట్టండి. నా మందుతో ఆటలాడతారా? మా అక్కకి చెప్పాను సార్ నేను! దొరికిందని చెప్పాను! పిల్లలచేత చప్పట్లు కొట్టించింది!" విరిగిన పెట్టె వైపు వేలు చూపించాడు. "ఖాళీ పెట్టె ఇచ్చి పంపిస్తారా నన్ను?"

సార్ కింద పడ్డ పెట్టె వంక చూశారు. మాకందరికీ భయం వేసింది. వాణ్ణి వెళ్లిపొమ్మంటారేమో అనుకున్నాం. నాకైతే వాడి మీద కోపం కూడా వచ్చింది.

సార్ లేచి కోటేశు కుర్చీలో కూర్చున్నారు. ఆయన రెండు వేళ్లతోనే టైపు చేస్తారు, వెతుక్కుంటూ. పై స్కోరు వచ్చిన ఆ అణువుల కుటుంబం ఫైళ్లున్న ఫోల్డర్‌లోకి వెళ్లారు. ఎల్ ఎస్ కొట్టారు. పేర్లు వచ్చాయి. అన్నీ ఉన్నాయి, ఒక్కటీ తప్పిపోలేదు.

తర్వాత మళ్లీ ఎల్ ఎస్ కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఒక చిన్న గీత, గీత పక్కన ఇంకో ఎల్ కొట్టారు. మైనస్ ఎల్ అంటాం దాన్ని. అది కూడా చేరిన వారంలోనే వాడికి చెప్పారు. అలా అడిగితే పేరుతోపాటు ఒక్కో ఫైలూ ఎంత బరువుందో, అంటే లోపల ఎంత సరుకుందో కూడా చెబుతుంది.

ఎంటర్ నొక్కి, సార్ కుర్చీలోంచి లేచారు. వాణ్ణి కూర్చోమన్నట్టు చెయ్యి చూపించారు.

కోటేశు కూర్చోలేదు, నిలబడే చూశాడు. బరువుల వరస పైనుంచి కిందికి బాగానే ఉంది. ఆ అణువుల కుటుంబం దగ్గరికి వచ్చేసరికి సున్నా. దాని కింద సున్నా. దాని కింద కూడా. కుటుంబం చివరిదాకా సున్నాలే. ఆ తర్వాతి ఫైళ్లు మళ్లీ బరువుగానే ఉన్నాయి.

"ఇవాళ నేను నీకిచ్చిందీ, నిన్న నువ్వు నాకిచ్చిందీ ఒకటే," అన్నారు సార్.

కోటేశు నెమ్మదిగా కుర్చీలో కూలబడ్డాడు.

"ఖాళీ ఫైలు అయితే స్కోరెలా వచ్చింది సార్?" అని అడిగాడు. గొంతులో ఇందాకటి వేడి లేదు.

వాడే తన నాలుగు లైన్లనీ తెరిచి చదువుకున్నాడు, అచ్చం ఇంతకుముందు ఎప్పుడూ చదవనట్టు. ఒక్కో అణువు ఫలితాన్నీ అది ఒకే పేరున్న ఫైల్లో రాస్తుంది, పాతదాన్ని చెరిపి కొత్తది. దాంట్లోంచి స్కోరు తీస్తుంది. ఖాళీ ఫైలు ఎదురైతే డాకింగ్ జరగదు, కొత్త ఫలితం రాదు, పాతది అలాగే ఉండిపోతుంది. ఆదేశం మాత్రం ఆగకుండా ఆ పాత స్కోరునే తీసి కొత్త పేరు పక్కన అంటిస్తుంది. ముందున్న ఆ ఒంటరి అణువు స్కోరు కుటుంబమంతటికీ అంటుకుంది. మందూ లేదు, కుటుంబమూ లేదు.

"ఖాళీగా ఎందుకయ్యాయి మరి..." అని వాడే ఆ ఫైళ్లని మార్చిన తేదీ చూశాడు. ఆరోజు ఉమ్మడి డిస్కు నిండిపోయిందని మేమందరం గోలపెట్టి, ఎవరి పాత ఫైళ్లు వాళ్లు తీసేసుకున్నాం. ఆ మధ్యలో వాడి ఫైళ్లకి చోటు దొరకలేదు. పేరు పడింది, లోపల ఏమీ పడలేదు.

"అయితే అప్పుడే చెప్పాలి కదా సార్ ఇది! చోటు లేదని ఒక్క ముక్క చెప్పాలా, వద్దా? చచ్చు మిషను!" కోటేశు బల్ల మీద చరిచాడు. కోపం మళ్లీ వచ్చింది, ఎవరి మీదో ఒకరి మీద పడాలిగా.

సార్ వంగి, తెర మీద ఆదేశం చివర ఉన్న తోకని వేలితో చూపించారు.

కోటేశు చరిచిన చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది.

"ఎవరు పెట్టారిది?" అన్నారు సార్.

"నేనే సార్."

"ఎందుకు?"

"ఊరికే గోల చేస్తోందని. అన్నీ హెచ్చరికలే సార్, ఒకటే రకం, వందలు వందలు. వాటితో పనేమీ ఆగడం లేదు..."

"అవి పడుతుంటే ఏమనుకున్నావు?"

"ఏముంది సార్, మామూలేలే అనుకు..."

మాట సగంలో ఆగింది.

వాడు నోరు మూసుకోలేదు. అలా తెరుచుకునే ఉంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందంటే నమ్మలేనట్టు చూస్తున్నాడు. మేమెవరం అటు చూడలేకపోయాం. సార్ కూడా చూడలేదు. కింద కూర్చుని, నేల మీద దొర్లిన థర్మకోల్ పూసల్ని ఒక్కొక్కటే ఏరి విరిగిన పెట్టెలో వేశారు. తర్వాత టీ గ్లాసు తీసుకుని బయటికి వెళ్లిపోయారు.

చాలాసేపటికి కోటేశు ఫోన్ తీశాడు. "దొరకలేదక్కా. నేను తప్పు చూశాను," అని పెట్టాడు. ఆమె వెంటనే జవాబిచ్చింది. "మళ్లీ చూడు. అన్నం తిన్నావా?"

ఫోన్ బోర్లా పెట్టి, ఎల్ ఎస్ మైనస్ ఎల్ కొట్టాడు. సున్నాలన్నిటినీ మరోసారి కిందిదాకా చూశాడు. తర్వాత డాకింగ్ ఆదేశం చివరికి వెళ్లి తోక తీసేశాడు. ఆ రోజు అది ఏం చెప్పిందో వినాలిగా. ఫైళ్లని అలాగే ఉంచి మొదటినుంచి నడిపించాడు.

నల్ల తెర తిట్టడం మొదలుపెట్టింది. వరస వెంట వరస, గుక్కతిప్పుకోకుండా తిట్టింది.

కోటేశు కుర్చీ ముందుకు జరుపుకుని, ఒక్కో తిట్టూ చదువుతూ కూర్చున్నాడు.